భయం వారసత్వంగా వస్తుందా? పానిక్, ఆందోళన రుగ్మతలలో జన్యువుల పాత్ర ఎంత?

ఉన్నట్టుండి గుండె దడదడలాడుతుంది. ఊపిరి అందదు. అరచేతులు చెమర్చుతాయి, కాళ్లు వణుకుతాయి, ప్రాణం పోతోందన్న భావన కమ్ముకుంటుంది. పరుగున ఆసుపత్రికి వెళితే ఈసీజీ, రక్త పరీక్షలు అన్నీ సవ్యంగానే ఉన్నాయని వైద్యులు చెబుతారు. కొన్ని రోజులకు మళ్లీ అదే పరిస్థితి. ఇలా రెండు మూడు సార్లు జరిగిన తరువాత మానసిక వైద్యుని వద్దకు వెళితే, అక్కడ ఎదురయ్యే తొలి ప్రశ్నలలో ఒకటి: మీ కుటుంబంలో ఇంకెవరికైనా ఇటువంటి ఇబ్బంది ఉందా?

ఈ ప్రశ్న చాలామందిని కలవరపెడుతుంది. కొందరికి అది తమ వంశాన్ని తప్పుపడుతున్నట్టు వినిపిస్తుంది. మరికొందరికి అంతకన్నా పెద్ద బెంగ పట్టుకుంటుంది: 'నాకు వచ్చిందంటే నా పిల్లలకూ వస్తుందా?' దక్షిణ ఢిల్లీలోని వసంత్ కుంజ్ వంటి చోట స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ ప్రశ్నకు జవాబు చెప్పడం మరింత కష్టం. ఉద్యోగాల కోసం, చదువుల కోసం రాజధానికి తరలివచ్చిన వారికి తాతముత్తాతల ఆరోగ్య విశేషాలు చెప్పగల పెద్దలు స్వగ్రామాలలోనే ఉండిపోయారు.

అదే వసంత్ కుంజ్‌కు సమీపంలో, అరుణా ఆసఫ్ అలీ మార్గ్‌లో జన్యు ఇంజినీరింగ్, బయోటెక్నాలజీ అంతర్జాతీయ కేంద్రం ఉంది. జాతీయ మొక్కల జీనోమ్ పరిశోధన సంస్థ ఉంది. జన్యుశాస్త్రం ఇంతగా ఎదిగిన ఈ కాలంలో కూడా, ఒక వ్యక్తికి పానిక్ రుగ్మత వస్తుందో రాదో తేల్చి చెప్పే రక్త పరీక్ష లేదు. వారసత్వం ఉన్నమాట వాస్తవం. మరి పరీక్ష ఎందుకు లేదు? ఈ రెండింటినీ కలిపి అర్థం చేసుకుంటేనే వైద్యుడు అడిగే ప్రశ్నలోని ఉద్దేశం బోధపడుతుంది.

పానిక్ అటాక్ వేరు, పానిక్ రుగ్మత వేరు

తీవ్రమైన భయం అకస్మాత్తుగా మొదలై, నిమిషాల వ్యవధిలోనే పతాక స్థాయికి చేరడాన్ని పానిక్ అటాక్ అంటారు. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఇది ఎవరికైనా ఒకటి రెండు సార్లు రావచ్చు. అంతమాత్రాన దానిని రుగ్మతగా పరిగణించరు. ఏ కారణమూ లేకుండా ఇటువంటి అటాక్‌లు పదే పదే వస్తూ, మళ్లీ ఎప్పుడు వస్తుందోనన్న దిగులు నెల రోజులకు పైగా వెంటాడుతూ, బయటికి వెళ్లడం, బస్సు లేదా మెట్రో ఎక్కడం వంటి పనులను మానుకునే స్థితి వస్తే అది పానిక్ రుగ్మత. ఏ ఒక్క విషయానికీ పరిమితం కాని చింత నెలల తరబడి కొనసాగితే దానిని సాధారణీకృత ఆందోళన రుగ్మత అంటారు.

అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికులలో ఇటువంటి లక్షణాలను గమనించిన వైద్యుడు జాకబ్ డా కోస్టా, 1871లో దానిని గుండెకు సంబంధించిన సమస్యగా వర్ణించారు. పానిక్ రుగ్మతకు మానసిక వైద్యంలో ప్రత్యేకమైన గుర్తింపు లభించింది 1980లోనే. నేటికీ చాలామంది రోగులు ముందుగా చేరేది హృద్రోగ నిపుణుల వద్దకే. అందులో తప్పు లేదు. ఛాతీ నొప్పి, దడ వచ్చినప్పుడు గుండె జబ్బు, థైరాయిడ్ లోపాలు, రక్తహీనత వంటివి లేవని ముందుగా నిర్ధారించుకోవలసిందే.

ఈ సమస్య అరుదైనదేమీ కాదు. 2017 నాటికి భారతదేశంలో సుమారు 4.49 కోట్ల మంది ఆందోళన రుగ్మతలతో జీవిస్తున్నారని 2020లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ప్రపంచవ్యాప్తంగా 2019లో ఈ సంఖ్య 30 కోట్లకు పైగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొంది. పురుషులతో పోలిస్తే స్త్రీలలో ఇవి ఎక్కువ.

కుటుంబాలలో కనిపించే లెక్క

ఆందోళన రుగ్మతలు కొన్ని కుటుంబాలలో ఎక్కువగా కనిపిస్తాయన్నది వైద్యులు ఏనాడో గమనించిన విషయం. దీనిని సంఖ్యలలో చూపినది 2001లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో వచ్చిన సమీక్ష. జాన్ హెట్టెమా, మైఖేల్ నీల్, కెన్నెత్ కెండ్లర్ అప్పటివరకు జరిగిన కుటుంబ అధ్యయనాలను, కవలలపై జరిగిన అధ్యయనాలను అందులో ఒకచోట చేర్చి పరిశీలించారు. పానిక్ రుగ్మత ఉన్నవారి తల్లిదండ్రులు, తోబుట్టువులు, సంతానంలో సుమారు 10 శాతం మందికి అదే రుగ్మత కనిపించింది. ఆ రుగ్మత లేనివారి దగ్గరి బంధువులలో ఇది సుమారు 2 శాతం మాత్రమే.

ఈ అంకెలను రెండు వైపుల నుంచీ చదవాలి. ముప్పు దాదాపు ఐదు రెట్లు పెరిగిందన్నది ఒక వైపు. దగ్గరి బంధువులు పదిమందిలో తొమ్మిదిమందికి ఆ రుగ్మత లేదన్నది రెండో వైపు. వారసత్వం గురించి మాట్లాడేటప్పుడు మొదటి వైపే ఎక్కువగా వినిపిస్తుంది. తల్లిదండ్రులకు ధైర్యాన్నిచ్చేది రెండోది.

అయితే ఒకే ఇంట్లో కనిపించినంత మాత్రాన కారణం జన్యువులేనని చెప్పలేము. ఒకే ఇంటివారు ఒకే వాతావరణంలోనూ పెరుగుతారు. భయపడే తల్లిని చూసి బిడ్డ భయం నేర్చుకోవచ్చు. ఈ చిక్కుముడిని విప్పడానికే శాస్త్రవేత్తలు కవలలను పరిశీలిస్తారు. ఏకరూప కవలల డీఎన్ఏ దాదాపు ఒక్కటే. భిన్నరూప కవలలలో సగటున సగం మేర మాత్రమే పోలిక ఉంటుంది. ఇద్దరూ ఒకే ఇంట్లో పెరిగినా, రుగ్మత విషయంలో ఏకరూప కవలల మధ్య పోలిక ఎక్కువగా ఉందంటే, ఆ అదనపు పోలిక జన్యువుల వల్ల వచ్చినదని భావిస్తారు. ఈ పద్ధతిలో 2001 నాటి సమీక్ష పానిక్ రుగ్మతలో వారసత్వ వాటా సుమారు 43 శాతమనీ, సాధారణీకృత ఆందోళన రుగ్మతలో సుమారు 32 శాతమనీ తేల్చింది. డీఎన్ఏ అంతా ఒకటే అయిన కవలలలో సైతం ఒకరికి వ్యాధి వచ్చి, మరొకరికి రాకపోవడం తరచుగా కనిపించే విషయమే.

43 శాతం అంటే ఏమిటి?

ఒక రోగి అనుభవించే భయంలో 43 శాతం తల్లిదండ్రుల నుంచి, మిగిలినది పరిసరాల నుంచి వచ్చిందని దీని అర్థం కాదు. వరి పొలాన్ని ఉదాహరణగా తీసుకుందాం. పొలమంతటికీ నీరు, ఎరువు సమానంగా అందితే, మొక్కల ఎత్తులో కనిపించే తేడాలకు విత్తనమే ప్రధాన కారణం అవుతుంది. కాలువ నీరు ఒక మడికి అంది, మరో మడికి అందకపోతే, అవే విత్తనాలు చల్లినా తేడాలకు నీరే ప్రధాన కారణం అవుతుంది. అంటే వారసత్వ శాతం పొలమంతటి గురించి చెప్పే మాటే తప్ప, ఒక మొక్క గురించి చెప్పే మాట కాదు. పరిసరాలు మారితే ఆ శాతం కూడా మారుతుంది.

మనుషుల విషయంలో నీరు, ఎరువు వంటివి చాలా ఉన్నాయి. బాల్యంలో ఎదురైన హింస, నిర్లక్ష్యం, ఆప్తుల మరణం, దీర్ఘకాలిక వ్యాధి, నిద్రలేమి, పొగతాగడం వంటివన్నీ ఈ ముప్పును పెంచే అవకాశం ఉంది.

'భయం జన్యువు' కోసం సాగిన వేట

వారసత్వం ఉందని తేలాక, కారణమైన జన్యువు ఏదన్న అన్వేషణ మొదలైంది. 1996లో సైన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని తిరిగి గ్రహించే జన్యువులోని ఒక తేడాకు ఆందోళన స్వభావంతో సంబంధం ఉందని చెప్పింది. 2001లో స్పెయిన్ శాస్త్రవేత్తలు 15వ క్రోమోజోములో కొంత భాగం రెట్టింపు కావడమే పానిక్ రుగ్మతకు మూలమని సెల్ పత్రికలో ప్రకటించారు. రెండూ ప్రపంచవ్యాప్తంగా ఆసక్తి రేకెత్తించాయి.

తరువాతి కథ నిరాశ కలిగించేది. 15వ క్రోమోజోములో ఆ మార్పు కోసం ఇతర దేశాల ప్రయోగశాలలు వెదికితే అది కనిపించలేదు. సెరటోనిన్ జన్యువు విషయంలో ఒక అధ్యయనం అవునంటే మరొకటి కాదన్నది. ఆందోళనకు దగ్గరి చుట్టమైన కుంగుబాటు విషయంలో, ఎంతో ప్రచారం పొందిన ఇటువంటి 'అనుమానిత' జన్యువులకు పెద్ద సంఖ్యలో మనుషులపై జరిపిన విశ్లేషణలో మద్దతు లభించలేదని 2019లో తేలింది. కొద్దిమంది రోగులను తీసుకుని, ముందుగా ఊహించిన ఒకటి రెండు జన్యువులను వెదకడం ఆ పద్ధతిలోని లోపం. 'భయానికి జన్యువు దొరికింది' అన్న శీర్షిక ఎక్కడైనా కనిపిస్తే ఈ చరిత్రను గుర్తు చేసుకోవడం మంచిది.

ఒకటి కాదు, వేలు

ఆ తరువాత పరిశోధకులు దారి మార్చుకున్నారు. ఏ జన్యువునూ ముందుగా అనుమానించకుండా, లక్షల మంది డీఎన్ఏను మొత్తంగా పరిశీలించి, రోగులలోనూ ఇతరులలోనూ ఏ తేడాలు ఎక్కువగా ఉన్నాయో లెక్కగట్టడం ఈ పద్ధతి. 2024లో నేచర్ జెనెటిక్స్ పత్రికలో వెలువడిన అధ్యయనం 12 లక్షల మందికి పైగా వ్యక్తుల వివరాలను పరిశీలించి, ఆందోళన రుగ్మతలతో సంబంధమున్న 51 స్థానాలను జీనోములో గుర్తించింది. వాటిలో 39 అంతకుముందు తెలియనివి.

ఈ స్థానాలలో ఒక్కొక్కటి పెంచే ముప్పు అత్యల్పం. గుర్తించడానికి ఇంకా ఎన్నో మిగిలి ఉన్నాయి. ఇటువంటి వేలాది చిన్న తేడాలు కలిసి ఒక మొగ్గును ఏర్పరుస్తాయన్నది నేటి అవగాహన. ఎత్తు, రక్తపోటు, మధుమేహం విషయంలోనూ జరిగేది ఇదే. ఈ తేడాలు మనందరిలోనూ ఉంటాయి. కొందరిలో ఎక్కువ, కొందరిలో తక్కువ. ఆరోగ్యవంతుడికీ రోగికీ మధ్య గీత గీసే జన్యువంటూ ఒకటి లేదు.

మరో ముఖ్యమైన విషయం, ఈ తేడాలలో అధిక భాగం కుంగుబాటుకూ ఉమ్మడిగా ఉన్నాయి. అందువల్ల ఒకే కుటుంబంలో తల్లికి కుంగుబాటు, కుమారునికి పానిక్ అటాక్‌లు, మేనకోడలికి విడవని చింత కనిపించడంలో ఆశ్చర్యం లేదు. వారసత్వంగా అందేది ఒక వ్యాధి పేరు కాదు. అది ఒక సున్నితత్వం. జీవితం దానికి ఏ రూపం ఇస్తుందన్నది వేరే విషయం.

ఆ సున్నితత్వం ఎక్కడ ఉంటుంది?

ప్రమాదాన్ని పసిగట్టి శరీరాన్ని సిద్ధం చేసే వ్యవస్థ మెదడులో ఉంటుంది. బాదం గింజ ఆకారంలో ఉండే అమిగ్డలా అందులో కీలకమైనదని చాలాకాలంగా భావిస్తున్నారు. అయితే పానిక్ అంతా అక్కడే పుట్టదని ఒక అరుదైన వ్యాధి తెలియజేసింది. ఉర్బాక్-వీతె అనే ఈ వ్యాధి ఒకే ఒక్క జన్యువులోని లోపం వల్ల వస్తుంది. దాని మూలంగా అమిగ్డలా రెండు వైపులా దెబ్బతిన్న ఒక అమెరికా మహిళకు పాములన్నా, సాలీళ్లన్నా, భయానక చిత్రాలన్నా భయం లేదు. శాస్త్రలోకంలో ఎస్.ఎం. అన్న పొడి అక్షరాలతోనే ఆమె ప్రసిద్ధురాలు. కార్బన్ డయాక్సైడ్ అధికంగా కలిపిన గాలిని ఒక్కసారి పీల్చగానే ఆమె పానిక్ అటాక్‌కు గురయ్యారు. అదే వ్యాధి ఉన్న ఇద్దరు కవల సోదరీమణులకూ అలాగే జరిగింది. 2013లో నేచర్ న్యూరోసైన్స్ ఈ ఫలితాన్ని ప్రచురించింది.

బయటి ప్రమాదాన్ని చూసి కలిగే భయం ఒకటి, ఒంటి లోపలి నుంచి 'ఊపిరి ఆడడం లేదు' అంటూ మోగే హెచ్చరిక మరొకటి అని దీనివల్ల అర్థమవుతుంది. పానిక్ రుగ్మతలో ఈ రెండో గంట అవసరం లేకుండానే మోగుతుందని అమెరికా మానసిక వైద్యుడు డోనాల్డ్ క్లైన్ 1993లో ప్రతిపాదించారు. రుగ్మత లేని దగ్గరి బంధువులలో సైతం కొందరు కార్బన్ డయాక్సైడ్‌కు ఇతరుల కన్నా ఎక్కువగా స్పందిస్తారని పరిశోధనలు చూపాయి. తరం నుంచి తరానికి అందేది ఆ గంటకున్న అతి సున్నితత్వమే కావచ్చునన్న వాదనకు ఇది బలం చేకూర్చింది.

పరీక్ష చేయించుకోవచ్చా?

జన్యు పరీక్ష ఎక్కడ పనికివస్తుందో, ఎక్కడ పనికిరాదో తెలుసుకోవడానికి తెలుగునాట ఒక స్పష్టమైన ఉదాహరణ ఉంది. శస్త్రచికిత్సకు ముందు కండరాలను సడలించడానికి ఇచ్చే సక్సినైల్‌కోలిన్ వంటి మందులు ఆర్యవైశ్యులలో కొందరికి సరిపడవు. మందును విచ్ఛిన్నం చేసే ఒక ఎంజైమ్ వారి శరీరంలో లోపించడమే కారణం. తరతరాలుగా సొంత సమూహంలోనే వివాహాలు చేసుకోవడం వల్ల ఈ లోపం వారిలో ఎక్కువగా నిలిచిపోయింది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు విదేశీ పరిశోధకులతో కలిసి 2017లో ప్రచురించిన అధ్యయనం దక్షిణాసియాలోని ఇటువంటి అనేక సమూహాలను గుర్తించింది. ఇక్కడ లోపం ఒకే జన్యువుది, ఫలితం నిర్దిష్టమైనది. కాబట్టి ముందుగా తెలిస్తే ప్రాణాలు కాపాడవచ్చు. దగ్గరి బంధువుల మధ్య జరిగే మేనరికాలలో వైద్యులు హెచ్చరించేది ప్రధానంగా ఈ కోవకు చెందిన వ్యాధుల గురించే.

పానిక్ రుగ్మత ఆ కోవలోనిది కాదు. వేలాది తేడాలను కూడి ముప్పు అంకె చెప్పే బహుజన్యు స్కోరులు ఉన్నప్పటికీ, ఒక వ్యక్తి భవిష్యత్తును నిర్ణయించేంత కచ్చితత్వం వాటికి లేదు. పైగా భారతీయులకు మరో చిక్కు ఉంది. ఈ స్కోరులకు ఆధారమైన అధ్యయనాలలో పాల్గొన్నవారు అత్యధికులు ఐరోపా మూలాలున్నవారు. అటువంటి స్కోరులు వివిధ లక్షణాల విషయంలో దక్షిణాసియా వారికి సగటున 37 శాతం తక్కువ కచ్చితత్వంతో పనిచేశాయని 2019లో నేచర్ జెనెటిక్స్‌లో వచ్చిన విశ్లేషణ వెల్లడించింది. లాలాజలం పంపితే ఆందోళన స్వభావాన్ని చెబుతామనే వ్యాపార ప్రకటనలను ఈ దృష్టితో చూడాలి.

ఈ వెలితిని పూడ్చే ప్రయత్నాలు మన దేశంలో మొదలయ్యాయి. ఢిల్లీలోని ఐజీఐబీ, హైదరాబాద్‌లోని సీసీఎంబీ కలిసి వెయ్యి మందికి పైగా భారతీయుల పూర్తి జీనోములను చదివినట్టు 2019లో వెల్లడైంది. జీనోమ్ ఇండియా ప్రాజెక్టు కింద సేకరించిన 10 వేల మంది జీనోముల సమాచారం 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. ఢిల్లీకి ఆనుకుని ఉన్న ఫరీదాబాద్‌లోని భారతీయ జీవ సమాచార కేంద్రంలో దానిని భద్రపరిచారు. ఇది పునాది మాత్రమే. ఆందోళన రుగ్మతల గుట్టు తెలియాలంటే ఆ రుగ్మతలున్న భారతీయులు కూడా పెద్ద సంఖ్యలో అధ్యయనాలలో పాల్గొనాలి. జబ్బును దాచుకునే సమాజంలో అది సులభం కాదు.

పరీక్ష కన్నా పెద్దల మాటే విలువైనది

ప్రస్తుతానికి వారసత్వ ముప్పును అంచనా వేయడానికి వైద్యుల చేతిలో ఉన్న ఉత్తమ సాధనం కుటుంబ చరిత్రే. అయితే మన పెద్దల మాటల్లో పానిక్ రుగ్మత అన్న పదం దొరకదు. 'గుండె దడ జబ్బు', 'నరాల బలహీనత', 'దడుచుకున్నాడు', 'గాలి సోకింది', 'దిష్టి తగిలింది' వంటి మాటల వెనుక అది దాగి ఉండవచ్చు. కాబట్టి ఊళ్లోని పెద్దమ్మనో, బాబాయినో అడిగేటప్పుడు జబ్బు పేరుతో కాక లక్షణాలతో అడగాలి. ఒంటరిగా బయటికి వెళ్లడానికి జంకేవారు ఎవరైనా ఉండేవారా? గుండె పరీక్షలు ఎన్ని చేయించినా ఏమీ తేలనివారున్నారా? దీర్ఘకాలం దిగులుతో మంచం పట్టినవారు, మద్యానికి బానిసలైనవారు, ఆత్మహత్యకు పాల్పడినవారు ఉన్నారా? ఎవరికైనా చికిత్సతో నయమైతే, ఏ మందు వాడారో తెలుసుకోవడం కూడా వైద్యునికి ఉపకరిస్తుంది.

జన్యువులు మారవు, బాధ మారుతుంది

వారసత్వంగా వచ్చినది నయం కాదన్నది సమాజంలో పాతుకుపోయిన అపోహ. హ్రస్వదృష్టి కూడా కుటుంబాలలో వస్తుంది. కళ్లద్దాలతో అది అడ్డంకి కాకుండా పోతుంది. పానిక్ రుగ్మతకు మందులు పనిచేస్తాయని 1960ల నుంచీ తెలుసు. నేడు ఎక్కువగా వాడే సెరటోనిన్ మందులు పూర్తి ప్రభావం చూపడానికి కొన్ని వారాలు పడుతుంది. వాటిని వైద్యుని సలహా లేకుండా ఆపకూడదు. తక్షణ ఉపశమనమిచ్చే బెంజోడయాజెపైన్ రకం మాత్రలు అలవాటుగా మారే ప్రమాదముంది కనుక సొంతంగా కొని వాడకూడదు.

కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అనే మాటల చికిత్స కూడా మంచి ఫలితాలనిస్తుంది. గుండె దడ మరణానికి సూచన కాదని రోగి తన అనుభవంతోనే తెలుసుకునేలా చేయడం ఇందులో ముఖ్యాంశం. ఉన్నచోటనే పరుగెత్తించి దడ పుట్టించడం, మానుకున్న ప్రయాణాలను మెల్లమెల్లగా తిరిగి చేయించడం వంటి సాధనలు ఇందులో ఉంటాయి. జర్మనీలో జరిగిన ఒక చిన్న అధ్యయనం 2016లో ఆసక్తికరమైన విషయం తెలిపింది. ఈ చికిత్సతో కోలుకున్న రోగులలో, ఎంఏఓఏ అనే జన్యువు పనితీరును నియంత్రించే రసాయన గుర్తులు ఆరోగ్యవంతుల స్థాయికి చేరాయి. జన్యువులోని అక్షరాలు మారకపోయినా, దానిని శరీరం చదివే తీరు మారగలదని ఇది సూచిస్తోంది.

దాచుకోవలసిన అవసరం ఎవరిది?

తెలుగు కుటుంబాలలో ఈ సమాచారం బయటపడకుండా ఆపేది ఎక్కువగా పెళ్లి సంబంధాల భయమే. 'వాళ్ల వంశంలో ఉందట' అన్న ఒక్క మాటతో సంబంధాలు వెనక్కి పోతాయి. పై లెక్కలన్నీ చూశాక ఆ మాటలోని పస ఎంతో తేలిపోతుంది. ముప్పును పెంచే చిన్న తేడాలు ఏ వంశంలోనైనా ఉంటాయి. రుగ్మత ఉన్నవారి దగ్గరి బంధువులలోనే పదింట తొమ్మిదిమందికి అది లేదు. దాచడం వల్ల జరిగే నష్టం మాత్రం కచ్చితం. చికిత్స ఆలస్యమవుతుంది.

చట్టం కూడా రోగి పక్షాన నిలుస్తోంది. శారీరక వ్యాధులతో సమానంగా మానసిక వ్యాధులకూ బీమా కల్పించాలని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం నిర్దేశించింది. జన్యు రుగ్మతల పేరుతో గంపగుత్తగా ఆరోగ్య బీమాను నిరాకరించడం వివక్షేనని 2018లో ఢిల్లీ హైకోర్టు ఒక తీర్పులో పేర్కొంది.

సహాయం కోరేవారు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవను 14416 నంబరులో రోజులో ఏ వేళలోనైనా ఉచితంగా సంప్రదించవచ్చు. తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఢిల్లీలో ఎయిమ్స్, దిల్షాద్ గార్డెన్‌లోని ఇహ్‌బాస్, హైదరాబాద్‌లో ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం, విశాఖపట్నంలోని ప్రభుత్వ మానసిక వైద్యశాల వంటి ప్రభుత్వ సంస్థలలో చికిత్స లభిస్తుంది. అక్కడ వైద్యుడు కుటుంబం గురించి అడిగితే సంకోచించకుండా చెప్పండి. ఆ ప్రశ్న వంశాన్ని వేలెత్తి చూపడానికి కాదు, చికిత్సకు దారి వెదకడానికి.